తంగేడు చెక్క వాసన

మొన్న శనివారం గాలివానకు మా మేడ మీది తంగేడు కొమ్మ ఒకటి విరిగింది. నీలం డ్రమ్ములో పెంచుతున్న చెట్టు, నా భుజం దాకా వస్తుంది. విరిగిన కొమ్మ కింద పడకుండా ఒక పక్క తోలు పట్టుకుని వేలాడుతోంది. కత్తెర తెద్దామని లేవబోయి, ఎందుకో ఆ తోలును, మా ఇంట్లో చెక్క అనే ఆ బెరడును, బొటనవేలితో పట్టి లాగాను. సర్రున మూరెడు ఊడి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

మా తాత వాసన. బీడీ, ఆముదం, తడిసిన తంగేడు చెక్క, ఈ మూడూ కలిస్తే తాత. మొదటి రెండూ ఇప్పుడు కూడా ఎక్కడో ఒకచోట తగులుతాయి. ఈ మూడోది తగిలి ఎన్నేళ్లయిందో లెక్క కూడా తెలియదు. చెట్టు రోజూ నా కళ్ల ముందే ఉన్నా, తోలు ఒలిచి చూడాలని ఇన్నాళ్లూ తోచలేదు.

మాది జనగామ దిక్కు ఊరు. మొరం నేల, బోడగుట్టలు. గుట్ట చుట్టూ తంగేడే తంగేడు. ఎవరూ నాటింది కాదు, ఎవరూ నీళ్లు పోసింది కాదు. రేగు, బలుసు, ఏది కనిపిస్తే అది కొరికి మోడు చేసే మేకలు కూడా తంగేడు దగ్గరికి వచ్చేసరికి మూతి తిప్పుకుని ముందుకు పోయేవి. అందుకే అది అంత బతికిందేమో. ఊళ్లో వాళ్లకు తంగేడంటే పువ్వు. రైతులకు ఆకు కూడా. నాటుకు ముందు మండలు కొట్టుకొచ్చి మడిలో తొక్కేవాళ్లు. మా ఇంట్లో మాత్రం ముందు చెక్క, తర్వాతే పువ్వు. మా తాత తోళ్లు శుద్ధి చేసేవాడు.

వానలు పడి చెట్టులో నీరు ఎక్కినప్పుడు చెక్క తేలిగ్గా ఊడుతుంది. తాత తెల్లారేసరికి గుట్ట ఎక్కి, వేలెడు లావున్న కొమ్మలు మోకాలెత్తున నరికి మోపు కట్టుకొచ్చేవాడు. అంతకు కిందికి నరికేవాడు కాదు. మొదలు ఉంటే మళ్లీ నాలుగు నెలలకు పిలకలు గుబురుగా లేస్తాయి. వాకిట్లో రాతి మీద కొమ్మ పెట్టి గూటంతో టప్పు టప్పున కొడుతూ తిప్పుతుంటే చెక్క కట్టె నుంచి విడివడేది. దాన్ని ఒలవడం మా పిల్లల పని. నేను, అన్న, చిన్నాయన పిల్లలు, నలుగురం వరసగా కూర్చుని ఒలిచేవాళ్లం. ఒలిచిన కట్టె తెల్లగా, జారుడుగా, చేపలా ఉండేది. కట్టెలు పొయ్యిలోకి, చెక్క ఎండకి.

తోలు పని ఇంటి వెనక లందలో, అంటే తోళ్లు నానేసే తొట్టిలో. మొదట సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, కడిగి, కడిగి, మళ్లీ కడిగి, అప్పుడు తంగేడు నీళ్లలో వేసేవాడు. అక్కడితో అయిపోదు. ఆ తోలును సంచిలా కుట్టి, లోపల దంచిన చెక్క దట్టించి, రెండు గుంజల మధ్య దూలానికి వేలాడదీసి, పైనుంచి చెక్క నీళ్లు పోసేవాడు. సంచి నిండు చూలాలి కడుపులా ఉబ్బేది. నీళ్లు తోలు గుండా చెమట పట్టినట్టు బయటికొచ్చి, చుక్క చుక్క కింది కుండలో పడేవి. కుండ నిండితే మళ్లీ తీసి పైన పోయాలి. కొన్నాళ్లకు సంచి తిరగేసి, రెండో వైపు విప్పి, మళ్లీ మొదటి నుంచి. రాత్రి మెలకువ వస్తే ఆ చుక్కల చప్పుడు వినిపించేది. లంద వాసన భరించలేరని ఊరివాళ్లు మా వాడ దిక్కు రాకపోయేవాళ్లు. సున్నపు దశలో నిజంగానే భరించలేం, అబద్ధం ఎందుకు. కానీ చెక్క నీళ్లు పడ్డాక ఆ కంపు మెల్లగా తగ్గి, ఒక వగరు వాసన లేచేది. తాత తోలు మీద ముక్కు పెట్టి, "ఇగ తాగింది" అనేవాడు. తోలు తంగేడు తాగిందని.

అలా తాగిన తోలుతోనే బావి నీళ్లు తోడే మోటకు తొండం, ఎద్దులకు వార్లు, ఊరందరికీ చెప్పులు. తాత కుట్టిన కిర్రు చెప్పులు వేసుకుని పెద్దమనుషులు నడుస్తుంటే మనిషి కనబడకముందే చప్పుడు వచ్చేది. ఎవరి కిర్రు ఎవరిదో తాతకు తెలుసు. కుట్టినవాడు కదా.

ఒలిచేటప్పుడు తాత ఒకే మాట పదేపదే అనేవాడు: "బిడ్డా, కత్తి తోటి గీకకు. చేతులు నల్లగైతయి."

నేను వినేదాన్ని కాదు. గోళ్లతో ఒలిస్తే ఆలస్యం, పాత కొడవలి ముక్కతో అయితే చిటికెలో పని. వేళ్లన్నీ నల్లబడేవి. మసి నలుపు కాదు, కాస్త పచ్చ కలిసిన నలుపు. బూడిదతో తోమినా, కుంకుడు రసంతో రుద్దినా పోదు. వారం పాటు అట్లాగే. బళ్లో ఒకరోజు సారు చేతులు చాపమన్నాడు. గోళ్లు చూసే రోజు. నా చేతులు చూసి, పోయి కడుక్కురమ్మన్నాడు. కడుక్కొచ్చాను. మళ్లీ పొమ్మన్నాడు. మూడోసారి బోరింగు దగ్గరే నిలబడిపోయాను. తిరిగొచ్చేసరికి నా పక్కనుండే పిల్ల పలక తీసుకుని అవతలి వరసలోకి జరిగింది. ఇంటికొచ్చి చెబితే నాయినమ్మ ఏమీ అనలేదు. ఆ కొడవలి ముక్కను మాత్రం చూరులో దోపింది, నాకు అందకుండా.

చాలా ఏళ్ల తర్వాత డిగ్రీ ల్యాబులో ఏదో ఆకు కషాయంలో ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే పరీక్షనాళికలో అదే రంగు లేచింది. పచ్చ కలిసిన నలుపు. చెట్లలో వగరునిచ్చే టానిన్‌కు ఇనుము తగిలితే అంతే అని లెక్చరర్ చెప్పుకుంటూ పోతున్నారు. నేను నా చేతులు చూసుకున్నాను. తర్వాత ముప్పై ఏళ్లు సర్కారు బళ్లలో సైన్సు చెప్పాను. ఎక్కడున్నా ఏటా ఒకసారి, గ్లాసులో తంగేడు చెక్క, ఒక ఇనుప మేకు, రాత్రంతా. ఏ సిలబస్‌లోనూ లేదు.

ఇక పువ్వు సంగతి.

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస వస్తుందంటే వాడ ఆడపిల్లలం చీకటితోనే గుట్ట ఎక్కేవాళ్లం. తూర్పు దిక్కు పూలు దట్టంగా ఉండేవి. ఎందుకు దట్టమో చాలా రోజులు తెలియలేదు. తాత వానాకాలమంతా పడమటి దిక్కే నరికేవాడట, బతుకమ్మ అయ్యేదాకా తూర్పు వైపు కత్తి పెట్టేవాడు కాదట. ఆయన మాకు చెప్పింది లేదు, మేం అడిగింది లేదు. నాయినమ్మ చెప్పింది, ఆయన పోయాక.

తంగేడు పువ్వును దగ్గరగా చూడని వాళ్లకు అది ఉత్త పసుపు. అయిదు రేకులు, అంచులు ముడతలు ముడతలుగా, రేకు నిండా సన్నటి ఈనెలు. మధ్యలో కేసరాలన్నీ ఒక్కలా ఉండవు. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగ్గా కొక్కెంలా వంగినవి. పుప్పొడి ఆ కేసరాల కొసన ఉండే చిన్న బొక్కలోంచే బయటికి రావాలి. ఉత్తగా వాలితే రాదు. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో కరిచి పట్టుకుని ఒళ్లంతా అదిలిస్తుంది. ఎగిరేటప్పుడు దాని మోత ఒక రకం, పువ్వు పట్టుకున్నాక ఇంకో రకం, సన్నగా, గట్టిగా, పళ్లు కొరికినట్టు. ఎండ ఎక్కేకొద్దీ గుట్టంతా ఆ రెండు మోతలే. కొమ్మ వంచితే తుమ్మెద మొహం మీదికి వస్తుందని భయం. అందుకే చీకటితో పోయేది.

ఆకు కాడ మొదట్లో రెండు చిన్న చెవులుంటాయి. నిజంగా చెవుల్లాగే, గుండ్రంగా, కాడను పట్టుకుని. వాటిని తుంపి ఉమ్మి తడి చేసి చెవి తమ్మెలకు అంటించుకుంటే కమ్మలు. బంగారం కమ్మలున్న పిల్లలు కూడా అవే పెట్టుకునేవాళ్లు. శాస్త్రంలో దాని పేరు సెన్నా ఆరిక్యులాటా. ఆరిక్యులాటా అంటే చెవులున్నదని అర్థం. పేరు పెట్టినాయన కూడా మాలాగే ముందు చెవులే చూసినట్టున్నాడు.

ఒకసారి పూలు కోస్తుంటే అన్న చేతికి తేనెపట్టు తగిలింది. అరచేతంత ఉంది, సన్న పుల్లను చుట్టుకుని, మా మోకాలెత్తున. చిన్న ఈగలు. తాత వచ్చి బీడీ పొగ నాలుగుసార్లు ఊది, పుల్లతో సహా విరిచి చేతిలో పెట్టాడు. తేనె నాలుగు చుక్కలే, మైనం నమిలిందే ఎక్కువ. కష్టపడకుండా చేతికందిన దాన్ని తంగేటి జున్ను అంటారని కాలేజీలో తెలుగు లెక్చరర్ చెప్పినప్పుడు క్లాసులో అర్థమైంది నాకొక్కదానికే అనుకుంటా. అయితే ఆ తేనె తంగేడుది కాదు. ఆ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి ఒక్కటే. ఈగలు తేనె ఎక్కడినుంచో తెచ్చుకుని అక్కడ పెట్టుకుంటాయి, అంతే.

కోసిన పూలు మధ్యాహ్నానికే వాడతాయి. తడిగుడ్డ కప్పి ఉరికేవాళ్లం. సగం మా ఇంటికి, సగం ఊళ్లోకి. పటేలు ఇంటి కోడలు అరుగు మీద చాట పెట్టి లోపలికి పోయేది. మేం చాటలో పూలు పోసి వెనక్కి జరిగితే బయటికొచ్చి చాట తీసుకుని, అక్కడే జొన్నలో, పెసర్లో పెట్టేది. మంచి మనిషే, నవ్వుతూ మాట్లాడేది. ఒకసారి నేను నాయినమ్మను అడిగాను, మనం ముట్టుకున్న పూలు బతుకమ్మలో ఎట్లా పెడతరు అని. నాయినమ్మ గునుగు పూల కట్టలు కడుతూ, "పూలకు మైల ఉండదు బిడ్డా, తెచ్చినోళ్లకే" అంది. అని, దారం పళ్లతో తెంపింది.

పండుగ చివరి రోజు, సద్దుల నాడు, రెండు బతుకమ్మలు. ఊరిది గుడి ముందర, మాది వాడలో వేపచెట్టు కింద. చెరువు ఒకటే గానీ రేవులు రెండు. నాయినమ్మ గుమ్మడాకులు పరిచి, ముందు తంగేడు వరస, తర్వాత రంగులద్దిన గునుగు, మళ్లీ తంగేడు. శిఖరాన గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మ. చీకటి పడ్డాక అవతలి రేవున వాళ్ల చప్పట్లు, ఇవతల మావి. ఉయ్యాలో అన్న చోట రెండూ ఒక్కోసారి కలిసిపోయేవి. నీళ్ల మీద వదిలాక గాలి ఎటు వీస్తే అటు. పొద్దున చూస్తే అన్నీ తూము దగ్గర ఒక్కచోటే పోగయ్యేవి.

మోటలు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. తొండాలు అక్కర్లేకపోయె. రబ్బరు చెప్పులు సంతకు వచ్చాయి, కిర్రు చెప్పులు పోయె. తోళ్లు పచ్చివే ఉప్పు చల్లి షావుకారు లారీలో మద్రాసు దిక్కు పంపేవాడు. అక్కడి పెద్ద పెద్ద తోళ్ల కార్ఖానాలకు ఒకప్పుడు తంగేడు చెక్కే ఆధారమట. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే చెట్టు చెక్క వచ్చి దాన్ని కూడా పక్కకు నెట్టిందని పుస్తకాల్లో చదివాను. తాతకు ఇవేమీ తెలియవు. లందలో నీళ్లు పోయడం ఎప్పుడు మానేశాడో మాకు కూడా సరిగ్గా గుర్తులేదు. ఒక ఎండాకాలం చూస్తే అందులో కోళ్లు పొదిగి ఉన్నాయి. నేను దాని గురించి బాధపడుతున్నానా అంటే, చెప్పలేను. ఆ పని మళ్లీ ఎవరూ చేయాలని లేదు నాకు. ఆ చేతులకు తెలిసిన విద్య మాత్రం ఎవరూ రాసిపెట్టుకోలేదే అని ఉంటుంది.

రిటైరయ్యాక ఉప్పల్ వైపు ఫ్లాటు కొనుక్కున్నాం. బతుకమ్మ రోజుల్లో చౌరస్తాలో తంగేడు కట్టలు అమ్ముతుంటే మొదటిసారి డబ్బులిచ్చి కొన్నాను. గుప్పెడు కొమ్మలు, సగం వాడినవి. 2014లో రాష్ట్రం వచ్చాక తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. బొమ్మలు అన్ని చోట్లా వచ్చాయి, చెట్టు మాత్రం ఊరి బయటికి జరిగిపోతూనే ఉంది. కొనడం నచ్చక, మేడ మీద పెంచుదామనుకున్నాను.

మొదట ఊరికి పోయినప్పుడు మూరెడు మొక్క తవ్వి సంచిలో తెచ్చాను. తవ్వుతుంటే తెలిసింది, పైన మూరెడు, కింద గునపంలా నిటారుగా దిగిన వేరు. అది తెగింది. మూడో రోజుకు ఆకులన్నీ చేతులు ముడుచుకున్నట్టు ముడుచుకున్నాయి.

తర్వాత ఒక నర్సరీకి పోయాను. "తంగేడే మేడం, గ్యారంటీ" అని రెండొందల యాభై తీసుకున్నాడు. బాగానే పెరిగింది, పసుపు పూలు కూడా గుత్తులు గుత్తులుగా పూసింది. మా ఆయన ఫొటో తీసి బంధువులందరికీ పంపారు. నాకు మాత్రం ఏదో తేడా కొట్టింది. ఆకులు పెద్దవి, మనిషెత్తు దాటి చెట్టులా పోతోంది. ఒకరోజు గుర్తొచ్చి ఆకు కాడ మొదలు చూశాను. చెవుల్లేవు. అది సెన్నాలోనే వేరే రకం, కాలనీల్లో అందానికి పెంచుతారు. చెట్టు తప్పేముంది, కింద పార్కులో నాటించాం. ఇప్పటికీ అందరూ దాన్ని తంగేడనే అంటారు.

మూడోసారి విత్తనాలు. వాటికోసం మళ్లీ ఊరికే పోయాను. గుట్ట పడమటి సగం లేదు, కంకరకు పోయింది. తూర్పు పక్క ప్లాట్లు, తెల్లసున్నం రాళ్లు, ఇనుప కంచె. కంచె వెంబడి ఓ ఇరవై పొదలు మిగిలాయి. పొడుగాటి కాయలు, కాగితంలా పల్చగా, గింజ ఎక్కడుందో పైకే ఉబ్బి కనిపిస్తుంది. కోస్తుంటే వాచ్‌మన్ వచ్చాడు.

"ఏం జేస్తరమ్మా గవి?"

"మేడ మీద పెంచుతా."

"తంగేడా? పెంచుతరా?" అని నవ్వి, కాసేపు చూసి, "గవి పుచ్చినయి, ఇటు రాండ్రి" అని తనే కొమ్మ వంచి పట్టుకున్నాడు.

గింజ తోలు రాయిలా ఉంటుంది. ఊరికే నాటితే ఇరవైలో ఒకటి మొలిచింది. నీళ్లు మరగనిచ్చి, స్టవ్ ఆపి, గింజలు అందులో వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దునకు ఉబ్బినవి తీసి నాటాను, ఉబ్బనివి మళ్లీ వేడినీళ్లలో. వారం పది రోజుల్లో మొలకలే మొలకలు. చిన్న కుండీలో పెంచి మార్చకుండా నేరుగా డ్రమ్ములోనే వేశాను, ఆ వేరు సంగతి తెలుసు కనుక. అడుగున బొక్కలు, ఎర్రమట్టి, ఇసుక, గుప్పెడు పశువుల ఎరువు. అంతకంటే దానికి పెట్టకూడదు. మా ఆయన జాలిపడి రోజూ నీళ్లు పోసి రెండింటిని చంపారు. మిగిలినదాని దగ్గరికి ఆయన్ను పోనివ్వలేదు.

రెండో ఏడు వానల్లో చెట్టు నిండా పచ్చపురుగులు. వారంలో ఆకంతా తినేశాయి. మా ఆయన వేపనూనె కలుపుకుని వచ్చేసరికి అడ్డం పడ్డాను. పిట్టగోడకు ఆకు మడిచినట్టున్న గూళ్లు కట్టుకుని, ఒక పొద్దున లేత పచ్చ కలిసిన తెల్లటి సీతాకోకచిలుకలయి పోయాయి. చెట్టు మళ్లీ చిగురించింది. ఆ ఏడే మొదటి పూత. పూత అయ్యాక కొమ్మలు మోకాలెత్తున కత్తిరించాను. ఎవరు నేర్పారని అడిగింది పక్క ఫ్లాటు అమ్మాయి.

తుమ్మెద మూడో అంతస్తు మీదికి ఎట్లా కనిపెట్టి వచ్చిందో తెలియదు. చాయ్ తాగుతుంటే ఆ రెండో రకం మోత వినబడింది, పళ్లు కొరికినట్టు. గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

ఇప్పుడు సద్దులకు అపార్ట్‌మెంట్ ఆడవాళ్లందరూ నా తంగేడుకే వస్తారు. డ్రమ్ము దగ్గర నిలబడి, ముట్టకూడని కొమ్మలేవో నేనే చూపిస్తాను. డీజే పెడతారు, అది నాకు పడదు. చప్పట్ల చప్పుడే వినబడకపోతే అదేం ఆట. అయినా పోతాను. పళ్లెంలో మొదటి వరస నా చేతే పేర్పిస్తారు.

విరిగిన కొమ్మ తోలు మూరెడు ఉంది కదా. పారేయబుద్ధి కాలేదు. ముక్కలు చేసి గాజు గ్లాసులో నీళ్లు పోసి, అలవాటుగా పాత ఇనుప మేకు ఒకటి వేసి వంటింటి కిటికీలో పెట్టి మర్చిపోయాను. సెలవని వచ్చిన మనవరాలు ఆదివారం పొద్దున్నే చూసింది.

"అమ్మమ్మా, ఇంకు!"

నేను వచ్చేలోపే రెండు వేళ్లు ముంచింది. వాళ్లమ్మ సబ్బు పెట్టి, నిమ్మచెక్క పెట్టి రుద్దింది. పోలేదు. సోమవారం అట్లాగే బడికి పోయింది.